గోడలోపలి అతుకు

టేపు తీసి కొలిచేవాళ్లంటే మేస్త్రీకి చులకన. ఇళ్లలో సౌండు సిస్టమ్‌లు బిగించడంలో అతనిది చెయ్యి తిరిగిన పని. గదిలోకి అడుగుపెట్టడం, ఈ గోడ నుంచి ఆ గోడకి ఒక్క చూపు చూడడం, ఇంత కేబుల్ కావాలని షాపుకి ఫోన్ చెయ్యడం, అంతే. షాపు ఓనరు కూడా కొనేవాళ్ల ముందు ఊదరగొట్టేవాడు, మా మేస్త్రీ కన్ను పడిందంటే టేపు సిగ్గుతో చుట్టుకుపోవాల్సిందేనని. ఆ మాట విని విని మేస్త్రీ దాన్ని తనే నమ్మేశాడు. అసలు ఆ లైనులో ఉన్నవాళ్లందరికీ ఈ పిచ్చి పట్టింపు ఒకటుంది. దారం పట్టుకుని గోడ వెంబడి కొలుచుకుంటూ పోయేవాణ్ని కొత్తవాడనుకుంటారు, చాటున నవ్వుకుంటారు.

ఆ ఇంట్లోనూ పని అలాగే మొదలైంది. హాల్లో ఒక గోడకి టీవీ, దాని కింద ఆంప్లిఫయర్. దానికి కలపాల్సింది సబ్‌వూఫర్, అంటే పాటలో అట్టడుగున ఉండే బరువైన శబ్దాలు పలికే పెట్టె. ఎవరైనా దాన్ని టీవీ పక్కనే పెట్టుకుంటారు. మూరెడు కేబుల్‌తో పని తీరిపోతుంది. ఈ ఇంటి కోడలు మాత్రం కాదంది. ఎదురుగోడ దగ్గర, మూలనున్న చెక్క కుర్చీకి ఆనించి పెట్టాలంది. అక్కడ పెడితే సినిమా చూసేవాళ్లకి బాగుండదని మేస్త్రీ చెప్పి చూశాడు. సినిమా కోసం కాదని ఆమె అతన్ని పక్కకి పిలిచి అసలు సంగతి చెప్పింది.

ఆ కుర్చీ వాళ్ల అత్తగారిది. ఆవిడకి చాలా ఏళ్ల కిందట జ్వరమొచ్చి వినికిడి పూర్తిగా పోయింది. అంతకుముందు రేడియో పెట్టకుండా కూర తరిగేది కాదట. ఇప్పుడు ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట అర్థం చేసుకుంటుంది, జవాబు మామూలుగానే చెబుతుంది, కాకపోతే కాస్త గట్టిగా. ఈమధ్య ఒకరోజు పెద్ద పెద్ద స్పీకర్లు కట్టుకుని ఏదో బండి వీధిలోంచి వెళ్తుంటే, ఆవిడ కిటికీ ఊచ పట్టుకుని నిలబడిపోయిందట. బండి వీధి మలుపు తిరిగేదాకా ఊచ వదల్లేదట. ఆ ముఖం చూశాక కోడలికి ఈ ఆలోచన వచ్చింది. కుర్చీకి పెట్టె ఆనిస్తే పాట చేతులకి తెలుస్తుంది కదా అని.

మేస్త్రీకి ఆ ఆలోచన నచ్చింది. ఉత్సాహంలో ఇంకా తొందరగా చూసేసి ఫోన్ చేశాడు. ఎదురుగోడే కదా అని గదికి అడ్డంగా చూశాడు, అక్కడే దెబ్బతిన్నాడు. కేబుల్ గాల్లో ఎగిరి వెళ్లదు కదా! అది గోడ వెంబడి పాకాలి, మధ్యలో గుమ్మం వస్తే చట్రం వెంట పైకెక్కి మళ్లీ కిందికి దిగాలి. మేస్త్రీ గోడలో గాడి కొట్టి కేబుల్ పరుచుకుంటూ వచ్చేసరికి కుర్చీకి చెయ్యి పొడవు దూరంలో అది అయిపోయింది.

అప్పటికి రంగులాయన లప్పం కలుపుకుని గాడి ఎప్పుడు పూడ్చుదామా అని కాచుకుని ఉన్నాడు. లప్పం గట్టిపడిపోతోందని ఒకటే గునుస్తున్నాడు. షాపు ఊరికి ఆ చివర. వెళ్లి మరో కేబుల్ తేవచ్చు. తెస్తే ఓనరుతో 'తక్కువపడింది' అనాలి. ఆ ఒక్క మాట అనడానికి మేస్త్రీకి నోరు రాలేదు.

సంచిలో మామూలు వైరు ముక్క ఒకటి ఉంది. దాన్ని తీసి, చివరలు ఒలిచి, కేబుల్‌కి మెలిపెట్టి, నల్ల టేపు చుట్టాడు. చేస్తున్నది తప్పని అతనికి తెలుసు. ఆంప్లిఫయర్ నుంచి ఈ పెట్టెకి వచ్చే శబ్దం చాలా బలహీనంగా ఉంటుంది. అందుకే ఆ కేబుల్‌కి చుట్టూ సన్నటి రాగి అల్లిక ఉంటుంది, పక్కనున్న కరెంటు వైర్ల రొద లోపలికి దూరకుండా. మామూలు వైరుకి ఆ అల్లిక ఉండదు. పైగా అతను అతుకు వేసిన చోటే ప్లగ్గుకి వెళ్లే కరెంటు వైరు దాన్ని రాసుకుంటూ ఉంది. ఇంత చిన్న ముక్కే కదా అని తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. రంగులాయన లప్పం పూసేశాడు. గోడ నున్నగా అయిపోయింది.

పాట పెట్టారు. పెద్దావిడ వచ్చి కుర్చీలో కూర్చుని చేతులు రెండూ కుర్చీ చేతుల మీద ఆనించింది. డోలు దెబ్బ ఒక్కొక్కటీ నెమ్మదిగా పడే పాట. ఆవిడ ముందు గదంతా కలయజూసింది, ఎవరైనా కుర్చీని తడుతున్నారేమోనని. తర్వాత కళ్లు మూసుకుంది. వేళ్లు ఒక్కొక్కటే లేచి పడడం మొదలుపెట్టాయి, సరిగ్గా దెబ్బ మీద.

"వస్తోందే!" అంది కోడలితో, గట్టిగా. "రేడియో కట్టేసినవాళ్లెవరో మళ్లీ పెట్టారే!"

కోడలు కళ్లు తుడుచుకుంది. మేస్త్రీ కూడా వాళ్లతో పాటు సంతోషంగా నిలబడి, అతుకు సంగతి నిజంగానే మరిచిపోయాడు.

కొన్నాళ్లకి ఓనరు ఫోన్ చేశాడు. చెప్పడానికి ముందే నవ్వు మొదలుపెట్టాడు. ఆ ఇంట్లో వినపడని పెద్దావిడకి పెట్టెలోంచి రొద వస్తోందట, వినపడే కొడుక్కీ కోడలికీ మాత్రం ఏమీ వినపడడం లేదట. ఒకసారి వెళ్లి చూసినట్టు చేసి రమ్మన్నాడు. మేస్త్రీ కూడా నవ్వాడు గానీ, ఫోన్ పెట్టేశాక ఆ నవ్వు ముఖం మీద నిలవలేదు.

వెళ్లేసరికి కొడుకు ఇంట్లోనే ఉన్నాడు. మందుల షాపు నడుపుతాడు, తొందర మనిషి. ఫ్యాను తిరుగుతోంది, వంటింట్లో ఫ్రిజ్ మోగుతోంది, వీధిలో బళ్లు. ఆ చప్పుళ్లలో పెట్టెలోంచి వేరే చప్పుడేదీ తెలియడం లేదు. మేస్త్రీ మాత్రం ముందుగా పెట్టె మీది చిన్న దీపం చూశాడు. పాట ఆపిన కాసేపటికి ఆ దీపం ఎర్రబడి పెట్టె నిద్రపోవాలి. ఇది పచ్చగానే ఉంది. లోపలికి రొద వస్తూనే ఉంటే పెట్టె పాట వస్తోందనుకుని మేలుకునే ఉంటుంది. పొద్దుటి నుంచి పాటేమీ పెట్టలేదని కొడుకు చెప్పాడు. ఇక వేరే చూడాల్సిన పనే లేదు.

పెద్దావిడ అతని మణికట్టు పట్టుకుని, అరచేతిని తీసుకెళ్లి కుర్చీ చేతి మీద పెట్టింది.

"ఇప్పుడు పాట లేదు కదా నాయనా? అయినా చూడు. పిల్లి ఒళ్లో పడుకుని గురక పెట్టినట్టు లేదూ? రాత్రీ పగలూ ఇదే. పాట వచ్చినప్పుడు కూడా దీని మీదే వస్తోంది. మొదటి రోజు ఇంత లేదు, లేకపోతే పాట సంతోషంలో నాకే తెలియలేదో!"

తెలిసింది. చెక్కలోంచి సన్నటి అదురు, ఆగకుండా. మేస్త్రీ కాలినట్టుగా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఒప్పుకుంటే గోడ మళ్లీ పగలాలి. రంగు పోవాలి. ఓనరుకి తెలియాలి, షాపులో అందరికీ తెలియాలి, కంటికొలత మేస్త్రీ అతుకు వేసి లప్పం పూయించాడని లైనంతా చెప్పుకుని నవ్వాలి. ఇవన్నీ ఒక్కసారిగా అతని కళ్ల ముందు తిరిగాయి. ఆవిడ కనురెప్ప వేయకుండా అతని పెదాలే చూస్తోంది.

"ఏమీ లేదమ్మా," అన్నాడు, ఆవిడకి బాగా అర్థం కావాలని నిదానంగా, విడదీసి మరీ. "మీకలా అనిపిస్తోందంతే."

అబద్ధాన్ని అంత శుభ్రంగా పలకాల్సి రావడం అతనికి అదే మొదటిసారి.

నేను చెప్పలేదూ అన్నట్టు కొడుకు భార్య వైపు చూశాడు. అమ్మకి ఈమధ్య మతిమరుపు ఎక్కువైందని, స్టవ్వు ఆర్పానా లేదా అని రెండుసార్లు చూసుకుంటోందని, ఇప్పుడు ఈ భ్రమ ఒకటని, ఎవరైనా మంచి డాక్టరుకి చూపించాలని చెప్పుకొచ్చాడు. తల్లికి కనపడకుండా ముఖం పక్కకి తిప్పుకుని చెప్పాడు. స్టవ్వు ఆర్పానా లేదా అని మేస్త్రీ కూడా చూసుకుంటాడు, ఎవరు చూసుకోరు? ఆ మాటైనా అనలేకపోయాడు. ఊరికే పెట్టె వెనకాలున్న మరలు అటూ ఇటూ తిప్పి, తుడిచి, తేలు కుట్టిన దొంగలా బయటపడ్డాడు.

ఇంటి దగ్గర భార్య కుట్టుమిషన్ ముందు కూర్చుని ఉంది. ఆమె నలుగురి బట్టలు కుడుతుంది. గుడ్డ పరిచి, టేపు పెట్టి, సుద్దతో గీత గీసి, ఆ గీతకి అవతలగా కుట్టు కోసం కొంచెం గుడ్డ వదిలి అప్పుడు కత్తెర పెడుతుంది. ఎన్నేళ్లుగా కుడుతున్నా అంతే. ఇన్నాళ్లొచ్చినా ఇంకా కొలుస్తావేమిటని మేస్త్రీ ఆమెని ఆటపట్టించేవాడు. ఆ సాయంత్రం మాత్రం కూర్చుని కత్తెర కదలడమే చూశాడు.

అన్నం దగ్గర నోరు విప్పాడు. తన పని అని చెప్పలేదు. లైనులో ఎవరో ఒకాయన ఇలా అతుకు వేశాడని, అది ఒక వినపడని ముసలావిడకి తెలిసిపోయిందని, ఆయన అబ్బే ఏమీ లేదని బుకాయించి వచ్చాడని, పాపం ఆయనకి కూడా ఇబ్బందే కదా అని కథలాగా చెప్పాడు. భార్య వింటూ మజ్జిగ పోసుకుంది.

"మీ వైర్ల సంగతి నాకు తెలీదు," అంది. "ఆవిడ ఉన్నమాట చెప్పింది. మీవాడెవడో గానీ ఆవిణ్ని పిచ్చిదాన్ని చేసి వచ్చాడు. ఇంట్లోవాళ్లు ఇక ఆవిడ ఏం చెప్పినా నమ్ముతారా?"

మేస్త్రీ కంచంలో వేలు పెట్టి గీతలు గీస్తున్నాడు. ఆమె ఆ కంచం వైపు చూసి, మీ ఒకాయన కూడా ఈ పూట ఇలాగే పస్తు ఉంటున్నాడేమో అని లేచి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

మర్నాడు వెళ్లి చెప్పేద్దామనుకున్నాడు. వేరే ఇంట్లో పని ఉందని వెళ్లలేదు. ఆ మర్నాడూ అంతే. వెళ్లడానికి బలమైన కారణం ఉంటే మనిషి వెళ్లకుండా ఉండడానికి వంద సాకులు వెతుక్కుంటాడు. మేస్త్రీకి తొంభై తొమ్మిది అయిపోయేలోపల మళ్లీ ఓనరు ఫోన్ వచ్చింది.

ఈసారి శుభవార్త. ఆ ఇంటాయన పెట్టెని కుర్చీ దగ్గర్నుంచి తీసేసి మామూలుగా టీవీ పక్కన పెట్టించెయ్యమన్నాడు. ఆ పెట్టె వల్లే వాళ్లమ్మకి భ్రమ ముదిరిపోతోందని అతని అభిప్రాయం. గోడలో కేబుల్‌ని అలాగే వదిలేసి మూరెడు ముక్కతో పని కానిచ్చేస్తే సరి, పీడ విరగడైపోతుంది అన్నాడు ఓనరు. అతను పెద్దావిడ సతాయింపు గురించి అన్నాడు. మేస్త్రీకి ఆ మాట తన అతుకుని చూసి అన్నట్టే వినపడింది. నిజమే. పెట్టె ఇవతలికి వచ్చేస్తే గోడలోది పనికిరాని తీగ. ఎవరూ ఎన్నటికీ తవ్వి చూడరు. ఇంత తేలిగ్గా తప్పించుకునే దారి దొరుకుతుందని అతను కలలో కూడా అనుకోలేదు.

కోడలు తలుపు తీసింది. ఆమె ముఖం వాడిపోయి ఉంది. ఆ రోజు నుంచి అత్తయ్య అదురు మాటే ఎత్తడం లేదని, అసలు ఏ మాటా ఎత్తడం లేదని చెప్పింది. తను తెచ్చిన పెట్టె తనే తీయించేస్తున్నందుకు ఆమెకి చిన్నతనంగా ఉంది. డాక్టరు దగ్గర పేరు కూడా రాయించామని కొడుకు లోపలి నుంచి కలగజేసుకున్నాడు.

మేస్త్రీ ప్లగ్గు తీశాడు. దీపం ఆరిపోయింది. గోడలోంచి వచ్చిన కేబుల్ చివరని పెట్టె వెనకాల నుంచి లాగి, చుట్టి, కన్నంలోకి తోసేశాడు. పెట్టెని రెండు చేతులతో ఎత్తుకుని గదికి అడ్డంగా నడిచాడు. ఆ రోజు కంటితో కొలిచింది కూడా ఇదే దారి. టీవీ పక్కన దించి, పొట్టి కేబుల్ పెట్టి, పాట పెట్టాడు. డోలు బాగా మోగింది, కొడుకు తల ఊపాడు.

పెద్దావిడ కుర్చీలోనే ఉంది. పాట పెట్టారని వాళ్ల తలకాయల ఊపు చూసి గ్రహించింది కాబోలు, అలవాటుగా కుర్చీ చేతి మీద అరచెయ్యి ఆనించింది. కాసేపు అలాగే ఉంచింది. తర్వాత తీసి ఒళ్లో పెట్టుకుని, దాని మీద రెండో చెయ్యి కప్పింది. సామాను సర్దుకుంటున్న మేస్త్రీని దగ్గరికి రమ్మని తల ఊపింది.

"నీకు రెండుసార్లు శ్రమ ఇచ్చాను నాయనా, ఏమీ అనుకోకు," అంది. ఎప్పటిలా గట్టిగా కాదు. "లేనిదాన్ని పట్టుకుని ఉంది ఉందని అందర్నీ వేపుకుతిన్నాను. నువ్వు రోజూ ఇదే పని చేసేవాడివి. నీ చేతికి తెలియనిది నా చేతికి తెలుస్తుందా? చెవులు ఎలాగూ పోయాయి, ఇదొక్కటైనా ఉందనుకున్నాను. ఇదీ నమ్మదగ్గది కాదన్నమాట."

మేస్త్రీకి తల కొట్టేసినట్టయింది. తిట్టిపోసినవాళ్లని అతను చాలామందిని చూశాడు. పని చెడగొట్టించుకుని క్షమించమని అడిగిన మనిషిని చూడడం ఇదే మొదలు. చేతిలోని స్క్రూడ్రైవర్ సంచిలో పెట్టబోయి నేల మీద పెట్టాడు. ఆవిడ కాళ్ల దగ్గర కూలబడిపోయాడు.

"ఉందమ్మా," అన్నాడు తల వంచుకుని.

ఆవిడకి తెలియలేదు. ఏమిటన్నట్టు ముందుకి వంగింది. అప్పుడు అర్థమైంది అతనికి, ఈ ఇంట్లో తప్పు ఒప్పుకోవాలంటే తల వంచుకుని చెబితే కుదరదని. ముఖమెత్తాలి. ఆవిడ కళ్లలోకి చూస్తూ, మొన్న అబద్ధం పలికినంత నిదానంగా నిజం పలకాలి. సిగ్గుతో అతని ముఖం కందిపోయింది.

"అదురు ఉందమ్మా. గోడ లోపల అతుకు ఉంది. కొలత తప్పి కేబుల్ చాలకపోతే నేనే వేశాను. మీ చెయ్యి చెప్పింది నిజం."

కొడుకు ఒక్క అంగలో గది మధ్యకి వచ్చేశాడు. మా అమ్మని పిచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లబోయానయ్యా, నీది మనిషి పుట్టుకేనా అని అరిచాడు. ఇంకా చాలా అన్నాడు. కోడలే మొగుడి చెయ్యి పట్టుకుని ఆపింది. ఆయన అబద్ధం చెప్పాడు సరే, అత్తయ్య నిజం చెప్పినప్పుడు మనం ఏమన్నామని అడిగింది. పాట మాత్రం మోగుతూనే ఉంది, దాన్ని ఆపాలని ఎవరికీ తోచలేదు.

పెద్దావిడ వాళ్ల గొడవ వైపు చూడలేదు. అతని పెదాలనే చూస్తోంది.

"ఆ రోజు నా కుర్చీ మీద చెయ్యి పెట్టావు. అప్పుడే తెలిసిందా?"

"తెలిసిందమ్మా."

ఆవిడ ఒళ్లోంచి చెయ్యి తీసి, బోర్లా తిప్పి, మళ్లీ వెల్లకిలా తిప్పి చూసుకుంది. పోయిందనుకున్న వస్తువు ఇంట్లోనే కనపడితే అటూ ఇటూ తిప్పి చూసుకుంటామే, అలాగ. తర్వాత మేస్త్రీతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

ఓనరుకి అతనే ఫోన్ చేసి చెప్పాడు. ఓనరు, దొరికిన దారి వదులుకుని నోరు జారతావేమయ్యా అని విసుక్కున్నాడు. షాపులో అప్పటికప్పుడే పాకిపోయినట్టుంది, మర్నాడు కేబుల్ కోసం వెళ్తే అతుకు మేస్త్రీ వచ్చాడని ఎవరో అననే అన్నారు. అతను విననట్టే ఉన్నాడు. ఆ ముందు రాత్రే భార్యకి కూడా చెప్పాడు, ఆ ఒకాయన తనేనని. ఆమె ఆశ్చర్యపోలేదు. మిషన్ సొరుగులోంచి దారపుండ తీసి అతని చేతిలో పెట్టింది.

ఆ దారంతోనే కొలిచాడు, కేబుల్ చుట్ట మొత్తం షాపు నుంచి వెంట తెచ్చుకుని. ఆంప్లిఫయర్ దగ్గర ఒక కొస అంటించి, గోడ వెంబడి మోకాళ్ల మీద పాకుతూ వెళ్లాడు. గుమ్మం పక్కన పైకి, చట్రం మీదుగా, మళ్లీ కిందికి. మూల తిరిగే దగ్గర దారం బిగదీయలేదు, కేబుల్‌ని మరీ మడిస్తే లోపలి అల్లిక దెబ్బతింటుంది. రెండో కొస ఎవరైనా పట్టుకుంటే బాగుండునని తలెత్తి చూస్తే, పెద్దావిడ అప్పటికే కుర్చీలోంచి వంగి చెయ్యి చాపి ఉంది. కొస అందుకుని బొటనవేలికి ఒక చుట్టు చుట్టుకుంది. పెట్టె జరపాల్సి వస్తే ఉంటుందని అటు కొంచెం ఇటు కొంచెం ఎక్కువ వదిలి అప్పుడు కేబుల్ కోశాడు.

పాత గాడి పగలగొడితే నల్ల టేపు చుట్టిన అతుకు బయటపడింది. చిన్నదే. దాన్ని తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. కొత్త గాడి కరెంటు వైరుకి ఎడంగా కొట్టాడు, ఒక్క చోట దాన్ని దాటక తప్పకపోతే అడ్డంగా దాటించాడు. ఒకే కేబుల్, ఈ కొస నుంచి ఆ కొస దాకా. లప్పం పూయడానికి ముందు చూసుకోమని కొడుకుని, కోడల్ని పిలిచి మరీ చూపించాడు.

పెట్టె మళ్లీ కుర్చీకి ఆనింది. ప్లగ్గు పెట్టాడు. పాట పెట్టలేదు. దీపం కాసేపు పచ్చగా ఉండి, ఎర్రబడింది. మేస్త్రీ వెళ్లి కుర్చీ చేతి మీద అరచెయ్యి ఆనించాడు. ఈసారి తొందరగా తియ్యలేదు. చెక్క చల్లగా, కదలకుండా ఉంది.

"ఏమీ లేదమ్మా," అన్నాడు, ముఖమెత్తి, నిదానంగా.

అవే మాటలు. ఆ రోజు అన్నవే. అన్నాక గుర్తొచ్చి అతనికి ప్రాణం చచ్చిపోయింది.

పెద్దావిడ అతని పెదాల వైపు చూడనే లేదు. అతని చెయ్యి పక్కకి నెట్టి, ఆ చోట తన చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుంది. కొడుకు ఏదో అడగబోతే కోడలు వారించింది. మేస్త్రీ మోకాళ్లకి అంటిన సున్నం కూడా దులుపుకోకుండా నిలబడి, ఆవిడ ఏం చెబుతుందా అని ఎదురుచూశాడు.

చాలాసేపటికి ఆవిడ కళ్లు తెరిచింది.

"లేదు," అంది కోడలితో. "ఇప్పుడు పాట పెట్టు."